అక్క తొక్కే బ్రేకు

మా బావకి వీధివాళ్లు పెట్టిన పేరు ‘ఇంకోసారి’. పిల్లలు ఎదురుగానే ఇంకోసారి తాతయ్య అంటారు. పెద్దవాళ్లు కాస్త మర్యాదస్తులు కాబట్టి ఆయన వెనకాల అంటారు. ఆయనకి ఈ సంగతి తెలుసు, పట్టించుకోడు.

ఆ పేరు షాపులో పుట్టింది. బజారు మలుపులో కళ్లద్దాల షాపు నడిపాడు బావ, నెత్తిమీద జుట్టు నెరిసి, ఆ నెరిసింది కూడా రాలిపోయేదాకా. వచ్చినవాళ్లని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కుమీద బరువైన ఇనప ఫ్రేము తగిలించి, అద్దాలు మార్చి మార్చి ఎదురు గోడమీది అక్షరాలు చదివించేవాడు. తప్పు చదివితే సరే, సరిగ్గా చదివినా “ఇంకోసారి” అనేవాడు. తొందరలో ఉన్నవాళ్లు లోపల్లోపల పళ్లు కొరుక్కునేవాళ్లు. కానీ ఆయనిచ్చిన అద్దాలు పెట్టుకుని తలనొప్పి వచ్చిందంటూ తిరిగొచ్చిన మనిషిని నేను చూడలేదు.

మా అక్కని ఆయన మొదట చూసింది కూడా ఆ కుర్చీలోనే. చదువుతుంటే కళ్లు లాగుతున్నాయని అక్క అంటే, అమ్మ నన్ను తోడిచ్చి పంపింది. ఆరోజు ఆయన ఎన్ని అద్దాలు మార్చాడో, ఎన్నిసార్లు ఇంకోసారి అన్నాడో, నేను బెంచీమీద కూర్చుని కూర్చుని నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి అక్క ఇంకా చదువుతూనే ఉంది. తీరా తేలిందేమిటంటే అక్క కళ్లలో ఏ లోపమూ లేదు. ఆ సంగతి ఆయనకి మొదటిసారికే తెలిసిపోయిందని పెళ్లయ్యాక అక్క చెప్పి నవ్వేది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు బావా అని నేను నిలదీస్తే, రూఢి చేసుకోవాలిగా అని బుర్ర గోక్కునేవాడు.

నాకు పెళ్లీ పెటాకులూ లేవు. వాళ్లింట్లోనే వేరే గుమ్మం ఉన్న పక్క గదిలో కుట్టుమిషను పెట్టుకుని, ఇరుగుపొరుగు ఆడవాళ్లకి బట్టలు కుడుతూ బతుకుతున్నాను. కాబట్టి వాళ్ల కాపురమంతా కిటికీలోంచి నాకు కనబడేది, కనబడనిది వినబడేది. బయటికి బయలుదేరితే బావ తాళం వేసి, నాలుగడుగులు నడిచి ఆగిపోయేవాడు. తాళం వేశానా అని అక్కని అడిగేవాడు. “వేశారు, పదండి” అనేది అక్క, వెనక్కి తిరిగి ఓ చూపు చూసి. గ్యాస్ కట్టేశానా, నీళ్ల మోటారు ఆపానా, షాపు షట్టరు దించానా, అన్నిటికీ ఇదే వరస. ఇంత అనుమానం మనిషితో ఎలా వేగుతున్నావే అని నేను విసుక్కుంటే, ఆయన అడుగుతారు, నేను చెబుతాను, దానికేం పోయింది అనేది. నాకైతే కోపం ముక్కుమీదే ఉంటుంది. నేనే ఆ స్థానంలో ఉంటే వారం తిరక్కుండా పారిపోయేదాన్ని.

ఇక కారు. చిన్న తెల్ల కారు. ఆ ఇంట్లో మా అందరికన్నా మర్యాద దానికే ఎక్కువ. ఒకసారి మెకానిక్ షెడ్డులో ఎవరో చక్రం నట్టు సరిగా బిగించకుండా పంపించారు. దారిలో చక్రం ఊగడం మొదలుపెట్టేసరికి అక్క గుండె చేత్తో పట్టుకుని కూర్చుందట. ఆరోజు నుంచి బావ ఆ బండిని షెడ్డు గుమ్మం తొక్కనివ్వలేదు. ఇంజను లోపలి పెద్ద పనులకి మాత్రం తెలిసిన మెకానిక్‌ని ఇంటికే పిలిచేవాడు. మిగతావన్నీ తనే. అన్నిటికన్నా శ్రద్ధగా చేసేది ముందు చక్రాలకి బ్రేకు ప్యాడ్లు మార్చడం.

ఆ పని పెట్టుకున్న రోజు ఇంట్లో పెళ్లంత హడావుడి. పాత దుప్పటి పరిచి, పనిముట్లు వరసగా పేర్చుకుని బావ కింద కూర్చునేవాడు. అక్క వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చునేది. అక్కకి కారు నడపడం రాదు, నేర్చుకోమంటే మీరున్నారుగా అనేది. బ్రేకుల రోజున మాత్రం ఆ సీటు తనది. ఒళ్లో గిన్నె పెట్టుకుని బఠాణీలు వలుచుకుంటూ, కాళ్లు రెండూ తలుపులోంచి బయటికి వేలాడేసి కూర్చునేది. తను చెప్పేదాకా పొరపాటున కూడా పెడలు మీద కాలు పెట్టకూడదని బావ ఆజ్ఞ. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కదా, వాటికి చోటు చెయ్యాలంటే లోపలున్న పిస్టన్‌ని వెనక్కి నెట్టాలట. నెట్టాక బ్రేకు పెడలు ఊరికే నేలదాకా దిగిపోతుంది. మళ్లీ మళ్లీ తొక్కితే ఆ పిస్టన్ ముందుకొచ్చి ప్యాడ్లని ఆనుకుంటుంది, అప్పుడు గానీ బ్రేకు పడదు. చక్రాలు రెండూ బిగించి, జాకీ దించి, “ఇక తొక్కు” అని కేకేసేవాడు బావ. అక్క గిన్నె పక్కన పెట్టి, కాళ్లు లోపలికి తీసుకుని తొక్కేది. నీళ్లలో కాలు పెట్టినట్టుందండీ అనేది. ఇంకోసారి అనేవాడు. తొక్కేది. ఇంకోసారి. చివరికి “చాలండీ, రాయిలా ఉంది” అనేది అక్క. ఆ మాట విన్నాకే ఆయన పనిముట్లు పెట్టెలో సర్దేవాడు.

కిందటి చలికాలం అక్క చనిపోయింది. మామూలు జ్వరమే అనుకున్నాం. మాత్ర వేసుకుని, పొద్దున్నే లేపమని చెప్పి పడుకుంది. లేపితే లేవలేదు. బావ ఏడవలేదు. వచ్చినవాళ్లకి కుర్చీలు వేశాడు, వెళ్లేవాళ్లని గేటుదాకా సాగనంపాడు. మనిషిది రాతి గుండె అని ఒకావిడ గుసగుసలాడుతుంటే నేను ఆవిడమీద విరుచుకుపడ్డాను. కానీ లోపల నాకూ మండింది. కంటతడి పెట్టడానికి కూడా ఇంకోసారి చూసుకోవాలా ఈ మనిషి అనుకున్నాను.

షాపు అంతకుముందే మూసేశాడు. ఇక చెయ్యడానికేమీ లేదు. కూర్చున్నచోటే కూర్చునేవాడు, పెట్టింది తినేవాడు, గడ్డం మాసిపోయి ముఖం గుర్తుపట్టకుండా తయారైంది. ఆయన్ని మళ్లీ మనుషుల్లో పడేసింది మనవరాలు. బావకి ఒక్కతే కూతురు. ఊళ్లోనే అటు చివర ఉంటుంది, ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. అల్లుడిది షిఫ్టుల డ్యూటీ. బడి వదిలే వేళకి ఇద్దరూ ఇంట్లో ఉండరు. పిల్లని నేను తీసుకొచ్చి సాయంత్రందాకా ఉంచుకుంటాను అన్నాడు బావ, ఎవరూ అడక్కుండానే. అప్పట్నించి మధ్యాహ్నం అయ్యేసరికి గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, బడి గంట కొట్టక ముందే వెళ్లి అక్కడ నిలబడేవాడు. వెనక సీట్లో ఆ పిల్ల కోసం ఒక చిన్న దిండు, ఒక నీళ్ల సీసా. వచ్చేటప్పుడు దారిలో కనబడిన బోర్డులన్నీ చదివించేవాడు. సరిగ్గా చదివినా ఇంకోసారి అనేవాడు. “నీకే కనబడట్లేదేమో, నువ్వు చదువు తాతా” అందట ఒకరోజు. ఆ మాట నాకు చెప్పి నవ్వాడు. అక్క పోయాక ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆ మధ్యాహ్నం పూట పని ఒక్కటే ఆయన్ని మంచం మీంచి లేపుతోందని నాకు తెలుసు, కూతురికీ తెలుసు.

అలాంటిది, బడి సెలవుల్లో కారు కీచుమనడం మొదలుపెట్టింది. బ్రేకు తొక్కినప్పుడల్లా పలకమీద గోరుతో గీకిన చప్పుడు. ఒకరోజు కూతురు తండ్రితో పాటు ఎక్కి ఆ చప్పుడు విన్నది. అసలే తల్లి చెప్పాపెట్టకుండా పోయిందన్న బెంగ దానికి. ఇంటికొచ్చి కూర్చోకుండానే చెప్పేసింది. “నాన్నా, బ్రేకులు ఇలా ఉంటే పాపని ఎక్కించను. షెడ్డుకి ఇచ్చెయ్. లేదంటే బడి తెరిచాక వ్యాను మాట్లాడేస్తాను.”

బావ ముఖం చిన్నబోయింది. పాప కూర్చునే బండి ఇంకొకడి చేతికివ్వను, నేనే మారుస్తాను అన్నాడు. అల్లుడు సాయం వస్తానంటే వద్దన్నాడు. బడి తెరవబోయే ముందు ఆదివారం పొద్దున పని పెట్టుకున్నాడు. నేను ముక్కాలిపీట వేసుకుని, ఎవరిదో గౌనుకి గుండీలు కుడుతూ కాపలా కూర్చున్నాను.

మా ఇంటిముందు కారు నిలిపే జాగా గేటువైపు వాలుగా ఉంటుంది. అందుకని వెనక చక్రాల కింద ఇటుకలు పెట్టాడు. హ్యాండ్‌బ్రేకు లాగాడు, వెళ్లి మళ్లీ లాగి చూశాడు. చక్రం నేలమీద ఉండగానే నట్లు వదులు చేసుకుని, అప్పుడు జాకీ ఎత్తాడు. జాకీని నమ్మక పక్కన ఇనప స్టాండు పెట్టాడు. దాన్నీ నమ్మక, ఊడదీసిన చక్రాన్ని కారు కిందకి తోశాడు. బండిని చంద్రుడి మీదకి పంపుతున్నారా బావా అన్నాను. అంతకన్నా పెద్ద ప్రయాణం, బడికి వెళ్లాలి అన్నాడు.

చక్రం వెనక మెరిసే పళ్లెంలాంటి డిస్కు, దాన్ని కరిచిపట్టుకున్న ఇనప దవడ. బోల్టు విప్పి ఆ దవడని పైకెత్తి, ఆయిల్ వచ్చే రబ్బరు గొట్టం మీద బరువు పడకుండా తాడుతో కట్టాడు. పాత ప్యాడ్లు తీసి నా చేతిలో పెట్టాడు. అరిగి అరిగి చివరికి ఇనప రేకు మిగిలింది. చేతులు వణుకుతాయేమోనని నేను ఓ కంట కనిపెడుతూనే ఉన్నాను. వణకలేదు. వైరు బ్రష్‌తో తుప్పు గీకాడు. పాత ప్యాడు ఒకటి అడ్డం పెట్టి, మర బిగింపు తిప్పుతూ పిస్టన్‌ని మెల్లగా వెనక్కి నెట్టాడు. పైన బ్రేకు ఆయిల్ డబ్బా పొంగుతుందేమోనని లేచి చూశాడు, కూర్చుని నెట్టాడు, మళ్లీ లేచి చూశాడు. కొత్త ప్యాడ్లు కూర్చోబెట్టి, బోల్టులు బిగించి, బిగించినవాటిని ఇంకోసారి బిగించాడు. రెండో వైపూ అంతే. అక్క పోయాక మొదటిసారి ఆయన తన ఒంట్లోకి తను తిరిగొచ్చినట్టు కనబడ్డాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కారు తలుపు తెరిచే ఉంది, డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. అక్క కూర్చునే చోటు కదా అనుకున్నాను. అంతకుమించి నాకేమీ తట్టలేదు.

జాకీ దించాడు. పనిముట్లు తుడిచి పెట్టెలో సర్దాడు. ఇటుకలు తీసి గోడవార పెట్టాడు. వీధి చివరిదాకా వెళ్లి చూసొస్తాను, గేటు తియ్యి అన్నాడు. నేను ఒక రెక్క తెరిచాను. రెండో రెక్కకి కింద గడియ బిగుసుకుపోతే వంగి లాగుతున్నాను. కారు స్టార్టయింది, వెనక్కి కదిలింది. గడియ తీసేదాకా ఆగుతాడులే అనుకున్నాను. తల తిప్పి చూసేసరికి బండి నా మీదకే వస్తోంది. పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కకి ఎలా దూకానో నాకు తెలియదు, గోడకి మోచెయ్యి గీరుకుపోయింది. కారు వెళ్లి గేటు రెక్కని గుద్దింది. హ్యాండ్‌బ్రేకు కర్రుమంది, ఇంజను ఆగిపోయింది. రెక్క మధ్యకి వంగి వీధిలోకి వాలిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టడానికే వెళ్లాను. ఆయన రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. కుడికాలు ఇంకా పెడలు మీదే ఉంది, పెడలు నేలకి ఆనుకుని ఉంది. నాకేమైనా తగిలిందా అని అడిగాడు. లేదన్నాను, మోచెయ్యి వెనక్కి దాచుకుని. అప్పుడు తల తిప్పి వెనక సీటు చూశాడు. చిన్న దిండు కింద పడి ఉంది. నీళ్ల సీసా దొర్లి తలుపుకి తగులుకుంది. దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

బ్రేకు చెడిపోయిందా బావా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. 

“తొక్కలేదు,” అన్నాడు చివరికి. “పిస్టన్ నెట్టాక తొక్కాలి కదా. తొక్కలేదు.”

“మర్చిపోయారు. ఎవరైనా మర్చిపోతారు.”

“మర్చిపోవడం కాదు. ఆ పని నేనెప్పుడూ చెయ్యలేదు. అది మీ అక్క పని.”

అని ఏడ్చాడు. చలికాలం నుంచి ఏడవని మనిషి, పట్టపగలు గేటుకి అడ్డంగా నిలిచిన కార్లో కూర్చుని, దారినపోయేవాళ్లు ఆగి చూస్తున్నా పట్టించుకోకుండా, స్టీరింగు మీద తల ఆనించి గొంతెత్తి ఏడ్చాడు. నేను తిట్టాలనుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. నాకూ ఏడుపు ఆగలేదు. ఇద్దరం ఒకే మనిషి కోసం ఏడ్చాం, అన్ని నెలల తర్వాత, ఒక్కచోట.

కాసేపటికి ఆయన్ని లేపి, నేను ఆ సీట్లో కూర్చున్నాను. ఇటుకలు మళ్లీ పెట్టి, ఆయన అలవాటు చొప్పున వెళ్లి ముందు చక్రం పక్కన చతికిలబడ్డాడు. తొక్కు అన్నాడు. తొక్కాను. కాలు ఎక్కడా ఆగకుండా దిగిపోయింది. ఇంకోసారి అన్నాడు. తొక్కుతూ ఉంటే మెల్లగా పాదం కింద ఏదో లేచి ఎదురు నిలిచింది. తర్వాత ఎంత బలంగా తొక్కినా దిగలేదు. “రాయిలా ఉంది బావా” అన్నాను. అది అక్క మాట అని తర్వాత తట్టింది. ఆయన తల వంచుకుని చక్రం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

ఆ తర్వాత కారుని వీధిలో తిప్పి తెచ్చాడు. చప్పుడు లేదు, గీకుడు లేదు, ఆపినచోట ఆగింది. అప్పుడు నేను ఒక ఉపాయం చెప్పాను. చెత్తబండి వెనక్కొస్తూ గేటుని గుద్దిందని కూతురికి చెబుదాం. మోచేతికి పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంటాను. బ్రేకులు ఎలాగూ బాగయ్యాయి. ఇక ఈ పొరపాటు మీరు జన్మలో చెయ్యరు.

“ఈ పొరపాటు చెయ్యను సరే,” అన్నాడు. “అందరూ నన్ను ఇంకోసారి అంటారు. నేను అడిగేవాణ్ణి అంతే, చూసింది తను. తను చేస్తోందని కూడా నాకు తెలియకుండా చేసినవి ఇంకా ఎన్ని ఉన్నాయో నాకెలా తెలుస్తుంది? పాప కూర్చునేది వెనక సీట్లోనే కదా.”

 వాదించడంలో నన్ను మించినవాళ్లు లేరని పేరు నాకు. ఆరోజు మాత్రం లోపలికి వెళ్లి మోచేతికి పసుపు రాసుకున్నాను.

సాయంత్రం ఆయనే కూతురికి ఫోను చేశాడు. ఒక్కటి కూడా దాచకుండా చెప్పాడు, నా మోచెయ్యితో సహా. వ్యాను మాట్లాడుకోమన్నాడు, వచ్చి కారు తీసుకెళ్లమన్నాడు. కూతురు కోప్పడుతుందనుకున్నాను. అది అటువైపు ఏడుస్తున్నట్టుంది, ఈయన ఊరుకోమ్మా ఊరుకోమ్మా అంటున్నాడు. అంత ఇష్టంగా చేసుకునే పనిని తన చేత్తో తనే వదిలేసుకుని, ఎదుటి మనిషిని ఓదారుస్తున్నాడు.

మర్నాడు అల్లుడు వచ్చాడు. మొహమాటస్తుడు, తాళంచెవి అందుకోవడానికి కూడా చెయ్యి చాపలేకపోయాడు. నాలుగు రోజులు పోయాక మళ్లీ తెచ్చి ఇక్కడే పెడతాను మామయ్యా అన్నాడు.  బావ దిండు దులిపి వెనక సీట్లో సర్దాడు. నీళ్ల సీసా నింపి పెట్టాడు. అల్లుడు కూర్చున్నాక కిటికీ దగ్గర వంగి, కదిలే ముందు ఓసారి బ్రేకు తొక్కి చూడమన్నాడు. గట్టిగానే ఉంది మామయ్యా అన్నాడు అల్లుడు.

“ఇంకోసారి,” అన్నాడు బావ.

అల్లుడు ఇంకోసారి తొక్కాడు. కారు మెల్లగా వాలు దిగి, వంగిన రెక్కని తప్పించుకుని వెళ్లిపోయింది. బావ మలుపుదాకా చూసి లోపలికొచ్చాడు.

బడి తెరిచిన రోజు మధ్యాహ్నం గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఎక్కడికి బావా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. కారు ఉండే జాగాలో కుర్చీ వేసుకుని, బడి వదిలే వేళ దాటిపోయేదాకా కూర్చున్నాడు. ఆ తర్వాత లేచి కుర్చీ లోపల పెట్టాడు. పాప ఆదివారాలు వస్తుంది. ఆయన ఒళ్లో కూర్చుని పేపరు చదువుతుంది, ఆయన ఇంకోసారి అంటాడు. మిగతా రోజులు మాత్రం ఎలా గడపాలో ఆయనకి తెలియడం లేదు, చెప్పడానికి నాకూ తెలియడం లేదు.

ఈమధ్య సాయంత్రం పూట కాస్త నడిచి రమ్మని నేనే తరుముతున్నాను. నిన్న అలాగే బయలుదేరాడు. తలుపు తాళం వేశాడు, నాలుగడుగులు నడిచి ఆగిపోయాడు. అలవాటుగా పక్కకి తిరిగాడు. పక్కన ఎవరూ లేరు. అడగాల్సిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోయిందని ఆయన నిలబడ్డ తీరు చూస్తేనే తెలుస్తోంది. అక్కడే, వెనక్కీ రాకుండా ముందుకీ పోకుండా నిలబడిపోయాడు.

“వేశారు బావా, వెళ్లిరండి” అన్నాను కిటికీలోంచి.

ఆయన ఇటు చూశాడు. తల ఊపి, వంగిన గేటు రెక్కని రెండు చేతులతో ఎత్తి మూసి వెళ్లాడు. ఆయన మలుపు తిరిగేదాకా ఆగి, నేను మిషను మీంచి లేచాను. వెళ్లి తాళం లాగి చూశాను. సగమే పడి ఉంది. గట్టిగా నొక్కి వేసి వచ్చాను.